తీగ మెలివేసే చేతికి జవాబుదారీ ఉందా?

ఒక శుక్రవారం జుమా నమాజ్ ముగిసి జనం ఇళ్ళకు వెళ్తున్నారు. మస్జిద్ వరండాలో ఒక పెద్దాయన వచ్చి మా పక్కన కూర్చున్నారు. జేబులోంచి అగ్గిపెట్టెంత రేకు డబ్బా తీసి మూత తెరిచారు. లోపల దూది మీద రెండు తీగచుట్టలు ఉన్నాయి. ఒక్కొక్కటి శనగగింజంత. దగ్గరగా పెట్టి చూస్తే రెండు సన్నని తీగలను జడలా మెలివేసి, ఆ మెలికను మళ్ళీ స్ప్రింగులా చుట్టారని తెలుస్తుంది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. కంసాలి పనిలా ఉంది.

"మా చిన్నవాడు కౌలాలంపూర్‌లో ఒక దుకాణంలో వీటిని చేస్తాడు మౌల్వీ సాబ్. కరెంటు సామాను పని అని చెప్పాడు. సెలవులో వచ్చినప్పుడు ఈ డబ్బా ఇంట్లో మరచిపోయి వెళ్ళాడు. ఇవి వేప్‌లో పెట్టేవని నిన్న మా మనవడు చెబితే తెలిసింది. రెండేళ్ళుగా వాడు పంపిన డబ్బుతోనే ఇల్లు గడుస్తోంది. ఇప్పుడు మేము తినే అన్నం హలాలేనా?" అని అడిగారాయన.

ఆయన ముందే ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడాం. అతను మర్యాదగానే జవాబిచ్చాడు. "మౌలానా! నేను సిగరెట్ తాగను. వేప్ కూడా తాగను. ఎవరినీ తాగమనను. నా పనిలో వడ్డీ లేదు, మోసం లేదు. నేను చేసేదల్లా తీగ మెలివేయడమే. తీగ మెలివేయడం కూడా పాపమేనా?" అన్నాడు.

ఒక్కమాటలో కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. వచ్చే శుక్రవారం వరకు వ్యవధి అడిగాం. ఈ వారం రోజులలో మేము చదివి, విచారించి, ఆలోచించిన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఇది ఫత్వా కాదు. ఫత్వా కావలసినవారు తమ పరిస్థితిని ముఫ్తీ గారికి స్వయంగా వివరించి అడగాలి. ఒక మనిషి తన చేతిపనికి ఎంతవరకు జవాబుదారీ అవుతాడన్నదే ఇక్కడ మా విచారణ.

ఆ చేతిపని ఏమిటి?

ఒక పని గురించి తీర్పు చెప్పేముందు ఆ పనిని అర్థం చేసుకోవడం న్యాయం. వేప్ లేక ఈ-సిగరెట్ అనేది బ్యాటరీతో పనిచేసే పరికరం. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు, ఎక్కువగా నికోటిన్ కూడా కలిసిన ద్రవాన్ని అది వేడి చేస్తుంది. వెలువడే ఆవిరిని మనిషి లోపలికి పీలుస్తాడు. వేడి చేసే భాగమే కాయిల్. దాని నడుమ దూది దూర్చుతారు. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది, కరెంటు పారిన తీగ ఎర్రబడి దాన్ని ఆవిరి చేస్తుంది.

చాలామంది కంపెనీ కాయిల్ కొని వాడి పారేస్తారు. కొందరు మాత్రం చేత్తో చుట్టిన కాయిలే కావాలంటారు. మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలలో ఇది ఒక చేతివృత్తిగా పెరిగింది. వాడే తీగ సాధారణంగా కాంథాల్ లేక నైక్రోమ్. కాంథాల్ అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమలోహం. వేడెక్కినప్పుడు దాని పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి తీగను కాపాడుతుంది. నైక్రోమ్‌లో నికెల్, క్రోమియం ఉంటాయి. మన ఇళ్ళలోని హీటర్లలో, రొట్టె కాల్చే టోస్టర్లలో, పరిశ్రమల కొలుములలో ఎర్రగా కాలేవి ఇలాంటి తీగలే.

మెలిక కాయిల్ చేయాలంటే సమానమైన రెండు తీగల కొసలను ఒకవైపు పట్టకారులో బిగిస్తారు. రెండో వైపు డ్రిల్లు మెషీను నోటిలో పెట్టి మెల్లగా తిప్పుతారు. 28 గేజి తీగ మందం 0.32 మిల్లీమీటర్లు మాత్రమే. చేయి వదులైతే మెలికలు దూరమవుతాయి, బిగుసుకుంటే తీగ తెగుతుంది. మెలిక సిద్ధమయ్యాక మూడు మిల్లీమీటర్ల ఊచ చుట్టూ ఐదారు చుట్లు చుడతారు. తరువాత కొద్దికొద్దిగా కరెంటు పంపి చూస్తారు. వెలుగు నడుమ నుండి రెండు కొసలకు సమానంగా పాకితే కాయిల్ బాగా కుదిరినట్టు. ఒకచోట ముందుగా మెరిస్తే అక్కడ లోపం ఉన్నట్టు. ఆ చోట దూది మాడుతుంది, మాడిన దూది నుండీ ద్రవం నుండీ ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలు పుడతాయి.

ఇందులో లెక్క కూడా ఉంది. రెండు తీగలు జంటగా వెళ్తే కరెంటుకు రెండు దారులు దొరుకుతాయి, నిరోధం దాదాపు సగానికి తగ్గుతుంది. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం 0.2 ఓములైతే 21 ఆంపియర్ల కరెంటు పారుతుంది. అదే 0.1 ఓముకు దిగితే 42 ఆంపియర్లు. ఈ పరికరాలలో వాడే బ్యాటరీలలో చాలావాటికి అది మోయలేని భారం. రక్షణ సర్క్యూటు లేని పరికరంలో అటువంటి కాయిల్ పెడితే బ్యాటరీ పేలవచ్చు. కనుక చుట్టేవాడి చేతిలో వాడేవాడి ముఖం, పళ్ళు, ప్రాణం కూడా ఉన్నాయన్నమాట.

ఇంత ఓపిక, ఇంత లెక్క, ఇంత కంటిచూపు అవసరమైన పనిని తేలికగా చూడలేం. ఆ అబ్బాయి చేతిలో హునర్ (నైపుణ్యం) ఉంది. హునర్ అల్లాహ్ ఇచ్చిన వరమే. అయితే వరం ఇచ్చినవాడు దాని గురించి ప్రశ్నిస్తాడు కూడా.

దావూద్ (అలై) కవచం

లోహపు వలయాలతో పనిచేసిన ఒక మహనీయుని ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆయన హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం). అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడు, కవచాలు చేయడం నేర్పాడు. ఆయన ప్రవక్త, పైగా రాజు. అయినా తన చేతి కష్టంతోనే తినేవారని దైవప్రవక్త (స) తెలియజేశారు. స్వహస్తాలతో సంపాదించిన దానికన్నా మేలైన తిండి లేదని కూడా ఆ సందర్భంలోనే ప్రవచించారు (బుఖారీ). చేతివృత్తికి ఇస్లాం ఇచ్చిన గౌరవానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సబా సూరాలోని 11వ ఆయతును కాస్త ఆగి చదవాలి. అందులో మూడు ఆదేశాలు వరుసగా వస్తాయి. నిండైన కవచాలు తయారు చేయమన్నది మొదటిది. వలయాల కూర్పులో కొలత సరిగా పాటించమన్నది రెండవది. సత్కార్యాలు చేయండన్నది మూడవది. ఆ వెంటనే, మీరు చేసేదంతా తాను చూస్తున్నానని అల్లాహ్ హెచ్చరిస్తాడు.

వలయం కొలత గురించీ సత్కార్యం గురించీ ఒకే ఆయతులో ఎందుకు చెప్పినట్టు? కొలత కుదిరితే పని పూర్తి కాలేదని మేము అర్థం చేసుకుంటున్నాం. వలయం సరిగా ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ వలయం ఎక్కడికి వెళ్తుందన్నది మరొక ప్రశ్న. దావూద్ (అలై) వలయాలు మనిషి ఛాతీ మీద నిలిచి అతన్ని కాపాడేవి. అంబియా సూరా 80వ ఆయతు ఆ విద్య ప్రయోజనం రక్షణే అని స్పష్టంగా చెబుతుంది. మరి ఈ తీగ వలయం మనిషి ఛాతీకి ఏం చేస్తోంది?

తీగ అమ్మేవాడు, కాయిల్ చుట్టేవాడు

"నేను తీగ మెలివేస్తాను, అంతే" అన్న మాటకు ఫిఖహ్ గ్రంథాలలో లోతైన చర్చ ఉంది. మన మదరసాలలో తరతరాలుగా చదువుతున్న 'హిదాయా' గ్రంథకర్త అల్లామా మర్గీనానీ (మరణం 1197) ఈ సమస్యను చక్కగా విడదీశారు. అల్లకల్లోలం రేగిన రోజుల్లో అల్లరిమూకలకు ఆయుధాలు అమ్మడం మక్రూహ్. ఇనుము అమ్మడం మక్రూహ్ కాదు. ఎందుకంటే ఇనుము ఇంకా ఆయుధం కాలేదు. దానితో నాగలికర్రు చేయవచ్చు, తలుపు గొళ్ళెమూ చేయవచ్చు. అలాగే వాయిద్యాలు అమ్మడం మక్రూహ్, కొయ్య అమ్మడం కాదు.

ద్రాక్షరసంతో సారా చేస్తాడని తెలిసిన మనిషికి ఆ రసం అమ్మవచ్చా అన్న ప్రశ్నలో మన ఇమాముల మధ్యనే అభిప్రాయభేదం ఉంది. రసం సారాగా మారిన తర్వాతే పాపం మొదలవుతుంది గనుక అమ్మకం చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అది పాపానికి తోడ్పాటు అవుతుందని అయిష్టపడ్డారు.

ఈ కొలమానాన్ని మన సమస్యకు పెట్టి చూద్దాం. కాంథాల్ తీగ తయారుచేసే కర్మాగారం ఇనుము అమ్మేవాడి వంటిది. ఆ తీగ హీటరులోకి వెళ్తుందో కొలిమిలోకి వెళ్తుందో దానికి తెలియదు. తీగచుట్టలు అమ్మే ఎలక్ట్రికల్ దుకాణందారుడి సంగతీ అంతే. కాని రెండు తీగలను మెలివేసి, మూడు మిల్లీమీటర్ల ఊచకు చుట్టి, 0.2 ఓములకు సరిచూసి, దూది దూర్చడానికి సిద్ధం చేసిన శనగగింజంత కాయిల్ ఇంకెక్కడికి వెళ్తుంది? అది టోస్టరుకు పనికిరాదు, కొలిమికీ పనికిరాదు. అది మనిషి నోటికి అంగుళాల దూరంలో కాలడానికే పుట్టింది. కనుక ఆ అబ్బాయి 'తీగ' దగ్గర లేడు, 'పరికరం' దగ్గరే ఉన్నాడు. "తీగ మెలివేయడమే" అన్న మాట అతని చేతుల గురించి నిజమే. అతని పని గురించి మాత్రం అది సగం నిజం.

ఆ ఆవిరిలో ఏముంది?

ఇక్కడ అతిశయోక్తి పనికిరాదు. హానిని ఉన్నదానికన్నా పెంచి చెప్పడం కూడా అబద్ధమే.

అమెరికాలో 2019లో వేప్ వాడినవారిలో తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి వ్యాపించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేదా చనిపోయారు. మృతులు 68 మంది. దీన్ని చూపి వేప్‌లన్నీ వెంటనే ప్రాణం తీస్తాయని చెప్పేవారున్నారు. అది సరికాదు. ఆ వ్యాధికి ముఖ్యంగా గంజాయి సారం కలిపిన ద్రవాలలోని విటమిన్ ఈ ఎసిటేట్ కారణమని పరిశోధనలో తేలింది. దానితో కాయిల్ చుట్టేవాడికి సంబంధం లేదు.

కాయిల్‌తో నేరుగా సంబంధం ఉన్న విషయం వేరే ఉంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిత్యం వేప్ వాడే 56 మంది పరికరాలను వారు పరీక్షించారు. సీసాలో ఉన్న ద్రవంలో లోహాలు చాలా తక్కువగా ఉన్నాయి. అదే ద్రవం కాయిల్‌ను తాకి వేడెక్కిన తర్వాత సీసం, క్రోమియం, నికెల్, మాంగనీసు పాళ్ళు బాగా పెరిగాయి. అంటే ఆవిరితో పాటు లోహపు అంశ కూడా మనిషి ఊపిరితిత్తులలోకి వెళ్తోంది. దాన్ని మోసుకెళ్తున్నవాటిలో ఆ తీగ కూడా ఒకటి. ఆ తీగను తీర్చిదిద్దినవాడు, "నేను ద్రవం పోయలేదు" అని చెప్పి పక్కకు తప్పుకోగలడా?

ఇక నికోటిన్ సంగతి అందరికీ తెలిసిందే. అది మనిషిని కట్టిపడేస్తుంది. తక్కువ నిరోధం, ఎక్కువ వేడి, దట్టమైన ఆవిరి ఇచ్చే మెలిక కాయిల్ ఆ అనుభవాన్ని మరింత ఆకర్షణీయం చేస్తుంది. ఎవరు పెద్ద ఆవిరిమేఘం వదులుతారని పోటీలు కూడా పెట్టుకున్నారు. పోటీ చూసి చేయి చాచేది ఎక్కువగా కుర్రవాళ్ళే.

సిగరెట్ మానేవారి సంగతి

ఆ అబ్బాయి తరఫున చెప్పవలసిన బలమైన వాదన ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నేటి ఈ-సిగరెట్‌కు రూపమిచ్చిన చైనా ఔషధ శాస్త్రవేత్త హోన్ లిక్ స్వయంగా పొగతాగేవారు. ఆ అలవాటు నుండి బయటపడే దారి వెతుకుతూ 2003లో దాన్ని రూపొందించారు. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. కాలడం వల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేప్‌లో పొగాకు కాలదు. నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లు సిగరెట్ మానడానికి నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్‌ల కన్నా ఎక్కువగా తోడ్పడతాయని 2022లో కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. బ్రిటన్ ఆరోగ్యశాఖ పొగతాగే పెద్దలకు దీన్ని ఒక మార్గంగా చూపుతోంది. అదే బ్రిటన్, పిల్లల చేతికి చేరుతున్నాయని వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్‌లో నిషేధించింది.

రెండు నష్టాలు ఎదురైనప్పుడు చిన్నదాన్ని ఎంచుకోవాలన్నది ఫిఖహ్ సూత్రాలలో ఒకటి. ముప్పై ఏళ్ళుగా సిగరెట్ తాగుతున్న మనిషి ప్రాణభయంతో, వైద్యుని సలహాపై, వేప్ సాయంతో దాన్ని మానితే అతన్ని నిందించే హక్కు మాకు లేదు. అయితే మందుకు ఒక మోతాదు ఉంటుంది, ఒక ముగింపు ఉంటుంది. చిన్న నష్టం పేరుతో తెరిచిన తలుపు గుండా అసలు నష్టమే లేనివాడు లోపలికి వస్తే, అది చిన్న నష్టం ఎలా అవుతుంది? సిగరెట్ ముట్టని కుర్రవాడికి వేప్ అనేది తగ్గిన హాని కాదు, కొత్తగా మొదలైన హాని. చేతికాయిల్ కొనేవారిలో ఎవరు రోగి, ఎవరు షోకుకోరు అన్నది దుకాణంలో కూర్చున్న ఆ అబ్బాయికి మనకన్నా బాగా తెలుసు. అతను ఆ లెక్క తనలో తాను వేసుకోవాలి.

ఉలమాలు ఏమన్నారు? చట్టం ఏమంటోంది?

పొగాకు మన ప్రాంతాలకు కొన్ని శతాబ్దాల క్రితమే వచ్చింది. కనుక దాని పేరుతో స్పష్టమైన నస్ (మూలవచనం) లేదు. ఉలమాలలో కొందరు మక్రూహ్ అన్నారు, మరికొందరు హరామ్ అన్నారు. హాని వివరాలు బయటపడేకొద్దీ నిషేధం వైపు మొగ్గు పెరిగింది. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2015 డిసెంబరులో వేప్‌ను హరామ్‌గా ప్రకటించింది. ఇండోనేషియాలోని ముహమ్మదియా సంస్థ 2020 జనవరిలో ఈ-సిగరెట్‌పై అదే తీర్పు ఇచ్చింది. స్వహస్తాలతో వినాశంలో పడవద్దన్న ఖుర్ఆన్ ఆదేశం (2: 195), తనకు గాని పరులకు గాని హాని చేయరాదన్న హదీసు ఇటువంటి తీర్పులకు పునాదులు.

ఫత్వా వేరు, చట్టం వేరు. మలేషియాలో 2024 అక్టోబరు 1 నుండి పొగ ఉత్పత్తుల నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. జోహోర్ వంటి రాష్ట్రాలు అంతకు చాలా ముందే వేప్ అమ్మకాలను ఆపాయి. మన దేశంలో మాట సూటిగా ఉంది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషిద్ధమే. పూర్తి పరికరమే కానక్కరలేదు, విడిభాగమైనా సరే. మొదటిసారి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ సంగతి చెప్పగానే పెద్దాయన చేతిలోని రేకు డబ్బా వణికింది. ఆయనకు పాపం తెలియదు. కాని మన పిల్లలు విదేశాల నుండి సరదాగా తెచ్చేవాటిలో ఇటువంటివి ఉంటాయని ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. మనం నివసించే దేశపు చట్టాన్ని గౌరవిస్తామన్నది మనం ఇచ్చిన మాట. మాట నిలబెట్టుకోవడం కూడా దీన్‌లో భాగమే.

'నేను కాకపోతే మరొకడు'

ఈ వాదన కూడా తరచూ వినిపిస్తుంది. నేను మానేస్తే పక్క దుకాణంవాడు చేస్తాడు, లోకంలో వేప్ ఆగదు కదా అంటారు. నిజమే, ఆగదు. కాని ప్రళయదినాన అల్లాహ్ మనల్ని లోకం ఆగిందా అని అడగడు. తిర్మిజీ హదీసు ప్రకారం ఆయుష్షును ఎందులో గడిపావు, విద్యతో ఏంచేశావు, ధనం ఎక్కడిది, దేనికి ఖర్చుపెట్టావు, దేహాన్ని ఎందులో అరగదీశావు అని అడుగుతాడు. ఇవన్నీ ఏకవచనంలో వచ్చే ప్రశ్నలు. పక్క దుకాణంవాడి పేరు అక్కడ జవాబు కాదు.

సారా విషయంలో పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు సహా పది మందిని దైవప్రవక్త (స) శపించారన్న హదీసు ప్రసిద్ధం. వేప్‌ను సారాతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు, సారా నిషేధం ఖండితమైనది. ఆ హదీసు నుండి గ్రహించవలసిన నీతి మాత్రం ఒకటుంది. హాని ఒక గొలుసు. గొలుసులో ప్రతి కొక్కెం తాను ఒట్టి కొక్కేన్నే అనుకుంటుంది.

మన ఇళ్ళలోని బీడీల చాట

ఇంతవరకు చదివి, "పరాయి దేశంలో ఎవరో కుర్రవాడి గొడవ" అనుకునేవారు ఉంటే ఒక్కసారి మన ఇళ్ళవైపు చూడాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో ఎన్నో ముస్లిం ఇళ్ళలో మన అక్కచెల్లెళ్ళు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. తునికాకు కత్తిరించి, పొగాకు పొడి నింపి, దారం కడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆ కూలితోనే పిల్లల ఫీజులు, ఇంటి అద్దెలు గడుస్తాయి. మరి పొగాకు పండించే ప్రకాశం జిల్లా రైతు? 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. కాయిల్ చుట్టే చేతిని నిలదీస్తే ఆకు చుట్టే చేతినీ నిలదీయాలి. కాదంటే అది న్యాయం కాదు.

ఇద్దరి ముందూ ప్రశ్న ఒక్కటే, పరిస్థితి మాత్రం ఒక్కటి కాదు. చదువు లేక, బయట పని దొరకక, భర్త పోయి, పిల్లల కడుపు కోసం ఆకు చుట్టే స్త్రీకి దారులు మూసుకుపోయి ఉన్నాయి. గత్యంతరం లేనివారి పట్ల షరీఅత్ చూపే దయ సుప్రసిద్ధం. ఆమెను నిందించే ముందు ఆమెకు మరో పని చూపని మన బస్తీ పెద్దలు, జకాత్ లెక్కలు చూసే మన కమిటీలు జవాబు చెప్పుకోవాలి. ఆ అబ్బాయి వయసులో ఉన్నాడు, కొలత తెలుసు, లెక్క తెలుసు. అతని ముందు దారులు ఉన్నాయి. దారులు ఉన్నవాడి జవాబుదారీ ఎక్కువ.

ఎవరి చేతిలో ఎంత హునర్ ఉందో, ఎంత వెసులుబాటు ఉందో దాన్ని బట్టే ప్రశ్న బరువు ఉంటుందని మేము గ్రహించాం. పని బాగా చేశానన్నది ఆ ప్రశ్నను తేలిక చేయదు. ఇంకా బరువు చేస్తుంది. చేతకానివాడి కాయిల్‌ను ఎవరూ రెండోసారి కొనరు.

మళ్ళీ శుక్రవారం

అనుకున్న రోజు వచ్చింది. పెద్దాయన ఫోను కలిపి మా చేతికిచ్చారు. పైన రాసిందంతా ఆ అబ్బాయికి క్లుప్తంగా చెప్పాం. తీగకూ పరికరానికీ ఉన్న తేడా చెప్పాం. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, నడుమ సందేహాస్పద విషయాలు ఉంటాయి, వాటికి దూరంగా ఉన్నవాడే తన దీన్‌నూ పరువునూ కాపాడుకున్నవాడు అన్న హదీసును (బుఖారీ, ముస్లిం) గుర్తుచేశాం. అతను ఓపికగా విన్నాడు. తర్వాత, "మౌలానా, ఉలమాలలోనే భేదాభిప్రాయం ఉందన్నారు కదా! మరి నాకు ఎలా తెలియాలి?" అన్నాడు.

అప్పుడు మేము ఒక్క ప్రశ్న అడిగాం. "బాబూ, రెండేళ్ళుగా మీ అబ్బాకు కరెంటు సామాను పని అని ఎందుకు చెప్పావు?"

అటువైపు చాలాసేపు మాట లేదు.

పాపమంటే ఏమిటని ఒక సహాబీ అడిగితే, నీ గుండెలో గుచ్చుకునేది, జనానికి తెలియడం నీకు ఇష్టం లేనిది అని దైవప్రవక్త (స) నిర్వచించారు (ముస్లిం). ఆ హదీసు అతనికి చదివి వినిపించవలసిన అవసరం మాకు కనిపించలేదు. కాసేపటికి, "అబ్బా బాధపడతారని..." అన్నాడు మెల్లగా.

పెద్దాయన ఫోను తీసుకొని, "నేను బాధపడేది నువ్వు చేసిన పనికి కాదురా, దాచినందుకు" అన్నారు. ఆ తర్వాత తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు, పక్కకు వెళ్ళిపోయాం.

ఇప్పటివరకు పంపిన డబ్బు గురించి ముఫ్తీ గారిని అడగమని పెద్దాయనకు చెప్పాం. అది దొంగతనం కాదు, దోపిడీ కాదు. తెలియక చేసినదానికీ తెలిసి కొనసాగించేదానికీ తేడా ఉంది. అబ్బాయికి మేము చెప్పింది ఒక్కటే. తీగను వదలనక్కరలేదు, తీగ వెళ్ళే చోటు మార్చుకో. అదే కాంథాల్ తీగ కొలుములకు కావాలి, ప్రయోగశాలల ఓవెన్లకు కావాలి, హీటర్ల మరమ్మతుకు కావాలి. 0.1 ఓము తేడాను కంటితో పసిగట్టే చేతికి ఆ పనులు అసాధ్యం కావు. మొదట రాబడి తగ్గవచ్చు. అంతవరకు ఈ పనిలోనే ఉండవలసి వస్తే పిల్లలకు అమ్మవద్దు, బ్యాటరీ మోయలేని కాయిల్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు, బయటపడే తేదీ ఒకటి మనసులో పెట్టుకో అన్నాం. ఆలోచిస్తానన్నాడు. మానేస్తానని మాట ఇవ్వలేదు. ఇచ్చాడని రాసి పాఠకులను సంతోషపెట్టడం మాకు తగదు.

పాఠకులారా! మనలో ప్రతి ఒక్కరి చేతిలో ఏదో ఒక తీగ ఉంది. ఒకరికి కలం, ఒకరికి తక్కెడ, ఒకరికి కుట్టుమిషను, ఒకరికి కంప్యూటరు. పని ఎంత బాగా చేశామన్నది సాయంత్రం యజమాని చూస్తాడు. ఆ పని ఎవరి ఛాతీని కాపాడింది, ఎవరి ఛాతీలోకి విషమై దిగింది అన్నది దావూద్ (అలై)కు కొలత నేర్పిన ప్రభువు చూస్తాడు.

అల్లాహ్ మన చేతులకు నైపుణ్యంతో పాటు దాన్ని మంచిచోట వాడే వివేకాన్ని కూడా ప్రసాదించుగాక! మన సంపాదనలో శుభం నింపుగాక! ఆమీన్.